పారా గడ్డి: మూసీ గడ్డి కొనాలా, మనమే పెంచుకోవాలా?

పాతబస్తీ అంచున చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెనల మీద నిలబడి మూసీలోకి చూస్తే కనిపించే పచ్చదనంలో గుర్రపుడెక్క కొంత, పారా గడ్డి కొంత. అంబర్‌పేట దాటి పీర్జాదిగూడ వైపు పోతే దీన్నే పంటగా వేశారు. మురుగు నీళ్లలో వరి సరిగా రాక చాలామంది ఈ గడ్డికి మారారు. నగరంలో గేదెల పాకలకు ఇక్కడి నుంచి మోపులు పోతాయి.

ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి ఇది. నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. నీళ్లు నిలిస్తే సూపర్ నేపియర్ దెబ్బతింటుంది, పారా గడ్డికి మాత్రం అదే ఇష్టం.

మరి మూసీ గడ్డి చవకగా దొరికితే కొనొచ్చా? నా మాట అయితే వద్దు. ఆ నీటిలో ఇళ్ల మురుగుతో పాటు ఫ్యాక్టరీల వ్యర్థాలూ కలుస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటివి కుళ్లిపోయేవి కావు. గడ్డికి అంటిన బురదతో ఆవు కడుపులోకి, అక్కడి నుంచి పేడలోకి వస్తాయి. 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ వేస్తాం కదా, ఏడాదంతా పోస్తే ఆ లోహాలు మన నేలలోనే మిగులుతాయి. రసాయనాలు మానేసి ఇవి తెచ్చుకోవడం ఏం న్యాయం?

మీ దగ్గర చెరువు కింద జవుకు నేల ఉందా? పశువుల కొట్టం కడిగిన నీళ్లు పారే కాలవ ఉన్నా చాలు. మూడు కణుపుల ముక్కలు కోసి, రెండు కణుపులు బురదలోకి పోయేలా రెండడుగుల దూరంలో గుచ్చండి. వానాకాలం మొదలు మంచి అదును. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత 35-40 రోజులకోసారి. ముదిరితే కాడ గట్టిపడి పశువు వదిలేస్తుంది.

కోసేటప్పుడు నీటి మట్టానికి జానెడు పైన కోయండి. తడి నేలల్లో నత్తలుంటాయి, వాటి వల్ల గడ్డి మొదళ్ల ద్వారా కార్జపు జలగలు సోకుతాయి. పశువైద్యుడిని అడిగి మందు తాగించడం మరవొద్దు. ఉత్త పచ్చిగడ్డే వేయకండి, ఎండు వరిగడ్డి కలపండి. పప్పుజాతి మేత కూడా కొంత ఉంటే మంచిది, పారాలో మాంసకృత్తులు అంత ఎక్కువేం కాదు.

ఒక్కటి జాగ్రత్త. వరి మడి గట్టున మాత్రం నాటొద్దు. ఒక్క కణుపు తెగి మడిలో పడినా కలుపై కూర్చుంటుంది, పంట కాలవలో పడితే కింది రైతుకీ తలనొప్పే.