తలకు కవచం - వేగానికి కళ్లెం

ఉద్దేశం: మోటారు సైకిలు ప్రమాదాలలో వేగం చేసే హాని ఎంతటిదో, రక్షణ సాధనాలు మనలను ఎంతవరకు ఆదుకోగలవో తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో అడవిపొలం ఒక గ్రామం. ఇక్కడివారు పనిమీద కాకినాడ వెళ్లాలన్నా, ఎదుర్లంక వారధి దాటి అమలాపురం వెళ్లాలన్నా 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కవలసిందే. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో ఉండే మోటారు సైకిళ్లు ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. బైకు ఉంటే బస్సు కోసం ఎదురుచూడనక్కరలేదు. కాని కారుకు ఉన్నట్లు దానికి చుట్టూ రేకు గోడ లేదు. ప్రమాదం జరిగితే మొదటి దెబ్బ మనిషి ఒంటికే తగులుతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. హెల్మెట్ లేకుండా ప్రయాణించి చనిపోయినవారు 50,029 మంది. అంటే ద్విచక్ర వాహనాలపై మరణించిన ప్రతి ముగ్గురిలో ఇద్దరి తలకు రక్షణ లేదన్నమాట.

వేగం చేసే హాని

వేగం రెండింతలైతే దెబ్బ కూడా రెండింతలే అవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వేగం రెండింతలైతే గతిజశక్తి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం మూడున్నర మీటర్ల ఎత్తు నుండి, అంటే డాబా మీద నుండి పడడంతో సమానం. అదే 60 కిలోమీటర్ల వేగమైతే 14 మీటర్ల ఎత్తు నుండి, అంటే బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు మీద నుండి పడడంతో సమానం.

మరొక లెక్క చూడండి. రోడ్డుపై 20 మీటర్ల దూరంలో ఒక గేదె అడ్డం వచ్చిందనుకోండి. కన్ను దానిని చూసి, చేయి బ్రేకు పట్టేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు ఆ సెకనులో 8 మీటర్లు పోయి, బ్రేకు పట్టాక మరో 6 మీటర్లలో ఆగుతుంది. గేదె బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు బ్రేకు పట్టేలోగానే 17 మీటర్లు పోతుంది. పొడి రోడ్డుపై ఆగడానికి దానికి మరో 23 మీటర్లు కావాలి. అన్ని మీటర్లు అక్కడ లేవు. ఆ బండి ఇంచుమించు అదే వేగంతో గేదెను గుద్దుకుంటుంది.

శిరస్త్రాణం

1935 మే 13న ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికుడు, రచయిత మోటారు సైకిలుపై పోతూ, సైకిళ్లపై వెళ్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులకు మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆ తరువాత ఆయన తలకు తగిలే గాయాలను శ్రద్ధగా పరిశీలించి, హెల్మెట్ ప్రాణం నిలుపుతుందని 1941లో ఒక వ్యాసం ప్రకటించాడు. అదే సంవత్సరం నవంబరులో బ్రిటిష్ సైన్యం మోటారు సైకిలుపై వార్తలు మోసే సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది? కొబ్బరికాయను చూడండి. చెట్టు మీద నుండి పడిన కాయ సాధారణంగా పగలదు. పీచు వలిచిన కాయను రాతికి కొడితే పగిలిపోతుంది. దెబ్బ ఒక్కసారిగా టెంకకు తగలకుండా పీచు ఆపుతుంది. హెల్మెట్ లోపల థర్మోకోల్ వంటి మందపాటి పొర చేసే పని ఇదే. అది నలిగి, దెబ్బ బలాన్ని తాను తీసుకుంటుంది. అందుచేత ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడరాదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే, తల నేలకు తగలకముందే హెల్మెట్ ఊడిపోతుంది. అనేక పరిశోధనలను సమీక్షించి 2008లో వెలువరించిన నివేదిక ప్రకారం హెల్మెట్ వల్ల ప్రాణాపాయం 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయి.

2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాదు దుర్గం చెరువు తీగల వంతెనకు సమీపంలో సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న బైకు జారి పడింది. ఆ చోట రోడ్డుపై ఇసుక ఉంది. ఆయన నెలకు పైగా ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. హెల్మెట్ వల్లనే బతికానని తరువాత సభలలో చెప్పారు.

బ్రేకులు, గాలి సంచులు

బెదిరి బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది. ఎ.బి.ఎస్. అనే ఏర్పాటు ఉన్న బైకులో చక్రం బిగుసుకోబోతున్నదని ఒక పరికరం గుర్తించి, సెకనులో అనేకసార్లు బ్రేకును వదులుతూ పడుతుంది. బండి నిటారుగా ఉంటుంది. 2019 ఏప్రిల్ నుండి మన దేశంలో 125 సి.సి. మించిన కొత్త బైకులకు ఇది తప్పనిసరి అయింది. 2006లో హోండా కంపెనీ గోల్డ్ వింగ్ అనే బైకుకు గాలి సంచిని కూడా అమర్చింది.

ఇవన్నీ మేలైనవే. కాని ఇసుకపై ఎ.బి.ఎస్. పట్టును పుట్టించలేదు. హెల్మెట్ ఛాతీని, కాళ్లను కాపాడలేదు. బ్రేకు పట్టకముందే దాటిపోయిన 17 మీటర్లను ఏ పరికరమూ వెనక్కు తేలేదు. 2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపై 1000 సి.సి. బైకు ప్రమాదానికి గురై, క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, అతనితో ఉన్న బంధువు మరణించారు. ఇద్దరికీ ఇరవై ఏళ్లు నిండలేదు.

బండి నడిపేవారే కాక, వెనుక కూర్చున్నవారు కూడా హెల్మెట్ ధరించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. గేరు బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. మీకు ఇంకా ఆ వయసు రాలేదు. కాని వెనుక కూర్చునే వయసు ఉంది. “నాన్నా, కొంచెం నెమ్మదిగా” అనడానికి లైసెన్సు అక్కరలేదు. సాధనాలు దెబ్బను తగ్గిస్తాయి. ఆ దెబ్బ ఎంతటిదో నిర్ణయించేది మాత్రం వేగమే.

అర్థాలు
శిరస్త్రాణం = తలను కాపాడేది, హెల్మెట్
వారధి = వంతెన
ముప్పు = ఆపద

ప్రశ్నలు
1. హెల్మెట్ పనిచేసే తీరును కొబ్బరికాయతో పోల్చి రాయండి.
2. 20 మీటర్ల దూరంలో గేదె అడ్డం వచ్చినపుడు రెండు బైకులకు ఏమయింది? ఎందుకు?
3. ఎ.బి.ఎస్. ఏ పని చేయగలదు? ఏ పని చేయలేదు?

సంధి
శిరః + త్రాణం = శిరస్త్రాణం (విసర్గ సంధి)
ప్రాణ + అపాయం = ప్రాణాపాయం (సవర్ణదీర్ఘ సంధి)

చేయండి
మీ ఇంట్లో ఉన్న హెల్మెట్‌కు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో, పట్టీ సరిగా బిగుస్తున్నదో లేదో పెద్దలతో కలిసి చూసి, నోటు పుస్తకంలో రాయండి.