ఊరి చరిత్ర పిల్లల చేతికివ్వండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలకు ఒక మనవి. మ్యూజియం అంటే సాలార్‌జంగే అనుకుని దసరా సెలవుల దాకా ఆగకండి. మీ ఇంటి అటక మీద, గొడ్ల కొట్టంలో, నాయనమ్మ మాటల్లో ఉన్నదాన్ని ముందు చూపించండి.

మిర్యాలగూడ వైపు పాత ఇళ్లలో మానిక, తవ్వ, సోల ఇంకా దొరుకుతాయి. పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక పూట ఆగి, పిల్లలను వాటితో బియ్యం కొలవనివ్వండి. దాన్ని ఎవరు కొన్నారు, దేనికి వాడారు, ఎప్పుడు మూలన పడింది అనే సంగతులు వాళ్లచేతే చీటీ మీద రాయించి వస్తువుకు కట్టించండి. మ్యూజియాల్లోనూ అసలు కష్టం ఈ చీటీ రాయడంలోనే ఉంటుంది.

తర్వాత పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. "మీ కాలం గురించి చెప్పు తాతా" అంటే ఆయనకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. సాగర్ ఎడమ కాలువ రాకముందు ఇంట్లో ఏం వండుకునేవాళ్లు, మోట ఎవరు కొట్టేవాళ్లు అని అడగమనండి. నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలింది 1967లో. అంతకుముందు జొన్న గట్కతో గడిచిన రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటి ఉన్నారు. అందుకే ఈ పనిని వచ్చే ఏటికి వాయిదా వేయొద్దంటున్నాను. చెప్పేవాళ్లను అడిగాకే ఫోన్‌లో రికార్డు చేయించండి. పిల్లవాడు ప్రశ్న వెతుక్కుంటూ ఆగిపోతే మీరు అందుకోకండి.

మన దిక్కున కొన్ని జ్ఞాపకాలు బరువైనవి. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన, జనం సంగం అని పిలిచిన ఆంధ్ర మహాసభ జరిగింది కోదాడ పక్కనున్న చిలుకూరులోనే. సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం పుట్టింది కరివిరాల కొత్తగూడెంలో. రజాకార్ల రోజులు, సంగం రోజులు ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరి ఇంటి కథే. చెబుతూ చెబుతూ అమ్మమ్మ కంటతడి పెడితే రికార్డు ఆపి ఆమె చేయి పట్టుకోమనండి. గడీ పక్కనున్న ఇల్లు ఒకలా, వెట్టి చేసిన ఇల్లు ఇంకోలా చెప్పవచ్చు. రెండింటినీ రాయనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి.

ఒక ఆదివారం పిల్లలమర్రికి తీసుకెళ్లండి. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ 1208లో కట్టించిన ఎఱకేశ్వరాలయం సూర్యాపేటకు కూతవేటు దూరం. మీ ఆడపిల్లకు ఆ పేరు తప్పక చెప్పండి. శాసనం మీద సున్నం, పసుపు పూయకూడదనీ, మేకుతో పేర్లు గీయకూడదనీ అక్కడే నేర్పండి. పొద్దున్న ఏటవాలు ఎండలో అక్షరాలు వాటంతటవే తేలతాయి, ఫోటో చాలు.

ఇలాంటి శాసనాలను జీతం లేకుండా, ఇష్టంతోనే పోగుచేసినవాళ్లు ఎంతోమంది. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' అచ్చువేసిందంటే ఆ ఇష్టమే కారణం. ఇప్పుడు శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా కొత్త తెలంగాణ చరిత్ర బృందం సొంత ఖర్చులతో ఊళ్లు తిరుగుతోంది. పొలంలో వింత రాయి కనిపిస్తే పిల్లలు ఫోటో పంపగలిగిన మనుషులు వీళ్లు.

నాగారం మండలం ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి. మరుసటి ఏడు అక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. పిల్లలకు ఇలాంటిదేదైనా దొరికితే కడగొద్దు, చింతపండుతో తోమొద్దు, జేబులో వేసుకోవద్దు. ఉన్నచోటే ఉంచి తహసీల్దారుకు చెప్పాలి. భూమిలో దొరికినదాన్ని దాచుకోవడం 1878 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

పోగైనవాటిని చూపించడానికి బడిలో ఒక గది ఒక్కరోజు ఇమ్మని హెడ్‌మాస్టరును అడగండి. మంచిరోజు కావాలంటే జనవరి 26 ఉంది. వాడలో ఎవరైనా వస్తువు ఇస్తే వాళ్ల పేరు, తిరిగిచ్చే తేదీ నోటుబుక్కులో రాయించి సంతకం తీసుకోమనండి. వచ్చినవాళ్లకు వివరించే పని పిల్లలదే. మీరు కుర్చీలు వేయండి, మంచినీళ్లు పెట్టండి, సాయంత్రం ఏ ఇంటి వస్తువు ఆ ఇంటికి చేరిందో లేదో పిల్లలతో కలిసి సరిచూడండి.