మంచాన పడ్డ మనిషికి పుండ్లు పడకుండా

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తగారికి 72 ఏళ్లు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. షుగరు కూడా ఉంది. పుండ్లు రాకుండా ఎయిర్ బెడ్ కొనమంటే కొన్నాం, ఇక భయం లేదనుకున్నాం. నిన్న ఒళ్లు తుడుస్తుంటే నడుం దిగువన, పిర్రల మధ్య ఎముక మీద చర్మం కమిలినట్టు కనిపించింది. చిట్లలేదు. నూనె రాసి గట్టిగా మర్దన చెయ్యమంటున్నారు ఇరుగుపొరుగు వాళ్లు. మావారు మధ్యలో చిల్లున్న గాలి రింగు తెచ్చారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, నిడదవోలు

జవాబు: అమ్మా, చర్మం చిట్లకముందే మీ కంట పడటం మంచిదైంది. ఈ దశలో జాగ్రత్త పడితే చాలావరకు మందు అవసరం లేకుండానే తగ్గుతుంది.

ముందు కమిలిన చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోందని లెక్క. ఎంత నొక్కినా రంగు మారకపోతే పడక పుండు మొదటి దశలో ఉన్నట్టే. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. అలాంటప్పుడు చేతి వెనుక వైపుతో తాకి చూడండి. చుట్టుపక్కల కంటే అక్కడ వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉంటే అనుమానించాలి.

మనం గాఢ నిద్రలో కూడా తెలియకుండానే అటూ ఇటూ ఒత్తిగిల్లుతుంటాం. ఆమెకు ఆ వీలు లేదు. దాంతో ఎముకకూ పరుపుకూ మధ్య కండ నలిగి, రక్తనాళాలు మూసుకుపోతాయి. చాలాసార్లు ఎముకను ఆనుకున్న కండే ముందు దెబ్బతింటుంది, పైకి కనిపించేది తక్కువ. అందుకే అక్కడ మర్దన వద్దంటాను. నలిగిన కండను ఇంకా నలిపినట్టవుతుంది. గాలి రింగు కూడా తీసేయండి. దాని అంచు చుట్టూ నొక్కి, మధ్యలోకి రక్తం రాకుండా చేస్తుంది.

కమిలింది పోయేదాకా ఆమెను వెల్లకిలా పడుకోబెట్టకండి. కుడి పక్క, ఎడమ పక్క మాత్రమే. అలాగని పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ పుండు లేస్తుంది. 30 డిగ్రీలు తిప్పితే చాలు. వీపు వెనక ఒక దిండు పొడుగ్గా దూర్చండి, ఆమె దాని మీదకు వాలినట్టుండాలి. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. తర్వాత మీ చెయ్యి ఆమె నడుం కిందకు పోనిచ్చి చూడండి. కమిలిన ఎముక పరుపుకు తగలకపోతే సరిగ్గా కుదిరినట్టు. ఎడమ వైపు స్పర్శ తక్కువ కాబట్టి ఆ పక్క తక్కువ సేపు ఉంచండి. అప్పుడు ఎడమ భుజాన్ని కొంచెం ముందుకు తెచ్చి పెట్టాలి, ఒంటి కింద నలగకూడదు.

మడమల సంగతి చాలామంది మరిచిపోతారు. షుగరున్న వాళ్లకు అక్కడ పుండు పడితే మానడం మహా కష్టం. పిక్కల కింద దిండు పొడుగ్గా పెడితే మడమలు గాలిలో తేలుతాయి. మోకాలు కాస్త వంగి ఉండాలి.

మంచం తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచితే మనిషి మెల్లగా కిందకు జారుతుంది. చర్మం దుప్పటికి అతుక్కుని ఉంటుంది, లోపల ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి తెగుతాయి. అన్నం పెట్టేటప్పుడు మాత్రం బాగా ఎత్తి కూర్చోబెట్టాల్సిందే, లేకపోతే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిన్నాక అరగంట అలాగే ఉంచి, తర్వాత దించండి. ఎత్తే ముందు మోకాళ్ల కింద దిండు పెడితే జారడం తగ్గుతుంది. జారిన మనిషిని చంకల్లో చేతులు పెట్టి లాగవద్దు. పక్షవాతం వచ్చిన భుజం కీలు పట్టు తప్పుతుంది. భుజాల నుంచి తొడల దాకా ఒక దుప్పటి మడిచి వేసి, చెరో వైపు ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపండి.

ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది మనిషిని తిప్పదు. గాలి పరుపు అడుగున, ఆమె నడుం ఉన్న చోట అరచెయ్యి పెట్టి చూడండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలడం లేదు. కరెంటు పోయినప్పుడల్లా ఇది చూసుకోవాలి. దాని మీద రెక్సిన్ షీటూ, బొంతలూ వేస్తే అది చేసే మేలు పోతుంది. పల్చటి దుప్పటి ఒక్కటి చాలు.

ఇప్పటికి రెండు గంటలకోసారి పక్క మార్చండి, రాత్రి కూడా. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకు ఇదే నియమం పెట్టారు. అంతకుముందు అలాంటి వాళ్లు పుండ్లతో, మూత్రంలో ఇన్ఫెక్షన్లతో చనిపోయేవారు, బతుకుతారని ఎవరూ అనుకునేవారు కాదు. అదే ఆస్పత్రి ఆవరణలో 1948లో మాజీ సైనికులు చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్యలో పోటీపడ్డారు. నేటి పారాలింపిక్స్‌కు మొదలు అదే. చర్మం మామూలైతే, మంచి పరుపు మీద రాత్రి వ్యవధి మూడు నాలుగు గంటలకు పెంచవచ్చేమో మీ డాక్టరును అడగండి.

ఒక మాట మీవారికి. రాత్రంతా మీ భార్య ఒక్కరే లేస్తుంటే నెల తిరిగేసరికి ఆమే మంచాన పడుతుంది. గోడకు కాగితం అంటించి ఏ వేళకు ఏ పక్క, ఎవరి వంతు అని రాసి పెట్టండి. అర్ధరాత్రి రెండు గంటల వంతు కొడుకు తీసుకోవాలి.

డైపరు తడి అయిన వెంటనే మార్చండి. తుడిచి, తడి ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయండి. పౌడరు వద్దు, చెమటకు ఉండ కట్టి ఒరుసుకుంటుంది.

ప్రశ్న: మా బాపుకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యింది. నడుం కింద చిన్న పుండు పడింది. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని మా అమ్మ చారన్నమే పెడుతున్నది. పెట్టొచ్చా సార్?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: తప్పకుండా పెట్టండి. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. కొత్త కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పుండున్న మనిషికి ఒంటి బరువులో కిలోకు 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా అవసరం. 55 కిలోలుంటే రోజుకు 70 నుంచి 80 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే కాబట్టి ఒక్క గుడ్డుతో సరిపెట్టుకోకండి. రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, పాలు, తినే అలవాటుంటే చేపో చికెనో పెట్టండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం ముందు డాక్టరును అడగాలి. చారన్నం పత్యం పుండును మాననివ్వదు. మీ అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: మా తాతయ్యకు నడుం కింద పుండు పెద్దదైంది. మధ్యలో నల్లగా ఉంది, వాసన వస్తోంది. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి పౌడరు చల్లుతున్నాం. తగ్గడం లేదు.
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఆ రెండూ ఈ రోజే ఆపండి. పెరాక్సైడ్ పొంగుతుంటే శుభ్రమవుతున్నట్టు అనిపిస్తుంది కానీ, కొత్తగా పుడుతున్న కండను కూడా చంపేస్తుంది. మెడికల్ షాపులో దొరికే సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పండి. నల్లగా ఉన్నది చచ్చిన కండ. దాన్ని సర్జన్ చూసి తొలగించాలి, ఇంట్లో కత్తెర పెట్టకండి. ఎముక దాకా ఇన్ఫెక్షన్ పోయిందేమో కూడా ఆయనే చూడాలి. వాసన వస్తోందంటే ఒకటి రెండు రోజుల్లో చూపించండి. జ్వరం, వణుకు, మగత, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు 108కి ఫోన్ చెయ్యండి. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి, పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టే తీసుకెళ్లాలి.