నెట్ లేని బడికి యూనివర్సిటీ ల్యాబ్

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. ల్యాబ్ సామాన్లు తక్కువ, నెట్ అంతంతమాత్రం. యూనివర్సిటీలు ఆన్‌లైన్లో పెట్టేవి మాకు పనికొస్తాయా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అన్నీ పనికిరావు. గంటసేపు సాగే లెక్చర్ వీడియో నలభై అయిదు నిమిషాల పీరియడ్లో ఎలా ఇముడుతుంది? మీరు ముందు ‘ఫెట్’ సిమ్యులేషన్లు చూడండి. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో వీటిని మొదలుపెట్టారు. ఉచితం. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలు, బడిలో నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటాయి.

విద్యుత్ వలయాల సిమ్యులేషన్ తెరవండి. బ్యాటరీ, బల్బు, వైర్లు పిల్లలనే లాగి కలపనివ్వండి. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలూ వైరుతో కలిపితే తెర మీద దానికి మంటలు వస్తాయి. షార్ట్ సర్క్యూట్ గురించి ఇక మీరు పెద్దగా చెప్పక్కర్లేదు! అయితే, ఏం జరుగుతుందో ముందే ఊహించి నోటుబుక్కులో రాయమనండి. లేకపోతే అది వీడియోగేమ్ అయిపోతుంది.

మన దేశంలో అమృత విశ్వవిద్యాపీఠం, సీ-డాక్ కలిసి రూపొందించిన ‘ఓల్యాబ్స్’ అనే ఆన్‌లైన్ ల్యాబ్ తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ఉపయోగపడుతుంది. కంప్యూటర్ నేర్పాలంటే ఐఐటీ బాంబే ‘స్పోకెన్ ట్యుటోరియల్’ ఉంది, తెలుగు ఆడియోతో సహా.

మరో మాట. ఫెట్ సిమ్యులేషన్లను ఉపాధ్యాయులే అనువదించవచ్చు. తెలుగులో లేనిది మీకు కావాలంటే ఆ పనికి మీరే పూనుకోండి.