గృహనిర్మాణ నియమాలు – నగర జీవనం

ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో ఎర్రుపాలెం ఉన్నది. కాజీపేట – విజయవాడ రైలుమార్గం ఈ ఊరి మీదుగానే సాగిపోతుంది. ఇంటర్మీడియెట్ ముగించుకొని పైచదువులకో, ఉద్యోగానికో హైదరాబాదు బయలుదేరే యువతీయువకులను ఇంటి పెద్దలు అడిగే మొదటి ప్రశ్న “ఏ కాలేజీ?” అని. రెండవ ప్రశ్న “ఎక్కడ ఉంటావు?” అని. మొదటి ప్రశ్నకు సమాధానం సులభంగానే దొరుకుతుంది. రెండవదానికి సమాధానం చాలావరకు ఆ నగరపు గృహనిర్మాణ నియమాలలో దాగి ఉంటుంది.

పల్లెటూరి ఇంటిని ఒకసారి పరిశీలిద్దాం. పెద్దకొడుకు పెండ్లి అయితే వసారా పక్కన మరొక గది లేస్తుంది. అన్నదమ్ములు వేరుపడితే నట్టింట గోడ వెలుస్తుంది. ఊరికి కొత్తగా ఉపాధ్యాయుడు వస్తే వీధివైపు గది అద్దెకు సిద్ధమవుతుంది. ఒకే ఇంటిస్థలం అవసరాన్ని అనుసరించి ఉమ్మడి ఇల్లుగా, జంట ఇల్లుగా, అద్దె ఇల్లుగా రూపు మార్చుకొంటుంది. నగరంలో ఈ మార్పులన్నింటికీ నియమం అడ్డువస్తుంది, లేదా దారి ఇస్తుంది. ఏ ప్రాంతంలో ఇళ్లుండాలి, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ కర్మాగారాలు, ఒక్కొక్క స్థలంలో ఎంత ఎత్తున ఎన్ని ఇళ్లు కట్టవచ్చు అని నిర్ణయించే ఈ ఏర్పాటునే జోనింగ్ అంటారు.

మన ప్రబంధకవులు అష్టాదశ వర్ణనలలో పురవర్ణనకు పెద్దపీట వేశారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురాన్ని వర్ణిస్తూ అక్కడి నాలుగు వర్ణాల వారినీ వరుసగా పేర్కొన్నాడు. కోటలు, అగడ్తలు, చంద్రుణ్ణి ఒరసుకొనే మేడలు ఆ కావ్యాలలో పుష్కలం. పొరుగూరి నుండి వచ్చి, మూటతో వీధి వీధి తిరుగుతూ గది వెతుక్కొనే మనిషి మాత్రం వాటిలో కానరాడు. ఆధునిక నగరానికి కథానాయకుడు అతడే.

జోనింగ్ పుట్టుకలో సదుద్దేశం లేకపోలేదు. గొట్టాల పొగ ఇళ్లలోకి రాకూడదని, ఎత్తైన కట్టడాలు పక్కింటి గాలినీ వెలుతురునూ మింగివేయకూడదని 1916లో న్యూయార్క్ నగరం సమగ్రమైన నియమావళిని చేసుకొన్నది. కాలక్రమంలో అనేక అమెరికా నగరాలు విశాల ప్రాంతాలలో స్థలానికి ఒక్క కుటుంబపు ఇల్లే ఉండాలని శాసించాయి. పెద్ద స్థలం కొనగలవారే ఆ వీథులలో మిగిలారు. దీనిని సరిదిద్దడానికి మినియాపొలిస్ నగరపాలక మండలి 2018లో ఆమోదించిన ప్రణాళిక ఒక్కొక్క స్థలంలో మూడు ఇళ్ల వరకు అనుమతించింది. ఎర్రుపాలెంలో అన్నదమ్ములు ఒక నడిమి గోడతో సాధించుకొనేది అక్కడ శాసనంతో సాధించవలసివచ్చిందన్నమాట!

హైదరాబాదు కథ వేరు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. అనంతరం 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించి, మల్లేపల్లి వంటి చోట్ల సామాన్యులకు ఇళ్లు కట్టించింది. తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి ఆ బాధ్యతను స్వీకరించింది. అది నిర్మించిన కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నేటికీ ఇ.డబ్ల్యు.ఎస్., ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అన్న పేర్లు వాడుకలో ఉన్నాయి. బలహీనవర్గాల, అల్పాదాయ, మధ్యతరగతి, అధికాదాయ కుటుంబాల ఇళ్లకు ఇవి సంకేతాలు. ఆదాయాన్నిబట్టి ఇంటి పరిమాణాన్ని నిర్ణయించిన పద్ధతి ఇది. మనుషులను అక్షరాలతో గుర్తించడం వినడానికి ఇంపుగా లేకపోయినా, ఒకే కాలనీలో చిన్న ఇంటికీ పెద్ద ఇంటికీ చోటు కల్పించడం చిన్న విషయం కాదు.

నియమాలలో పెద్ద మలుపు 2006 మార్చిలో వచ్చింది. అంతకుముందు స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి అంతస్తుల విస్తీర్ణం ఉండరాదన్న లెక్క ఉండేది. దీనినే ఎఫ్.ఎస్.ఐ. అంటారు. 86వ జి.ఓ. ద్వారా హైదరాబాదులో ఆ లెక్కకు స్వస్తి చెప్పారు. దాని స్థానంలో ఎదుటి రోడ్డు వెడల్పు, చుట్టూ విడిచే ఖాళీ స్థలం – ఈ రెండే ఎత్తును నిర్ణయించసాగాయి. 2012 ఏప్రిల్‌లో వెలువడిన 168వ జి.ఓ. ఈ పద్ధతిని రాష్ట్రమంతటికీ విస్తరింపజేసింది. ఆ నియమావళి ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నవి బహుళ అంతస్తుల భవనాలు. 21 మీటర్ల ఎత్తుకు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ ఉండాలి. 50 మీటర్ల ఎత్తుకు 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 14 మీటర్ల ఖాళీ తప్పనిసరి.

ఈ అంకెల అంతరార్థం ఒక చిన్న లెక్కతో తేటపడుతుంది. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 చదరపు గజాల స్థలాన్ని తీసుకొందాం. 7 మీటర్లంటే సుమారు 23 అడుగులు. ఇరువైపులా అంత వదలాలంటే 46 అడుగులు కావాలి. స్థలం వెడల్పే 30 అడుగులు! గోడ కట్టడానికి చోటే మిగలదు. కనుక ఎత్తుకు లభించిన స్వేచ్ఛ విశాలమైన రోడ్డు పక్కన ఎకరాల భూమి కలవారికే అక్కరకు వచ్చింది. నగరానికి పడమట కోకాపేట వంటి చోట్ల 50 అంతస్తులు దాటిన సౌధాలు లేచాయి. చిన్న స్థలాల కాలనీలలో వాహనాలకు స్టిల్టు విడిచి, దానిపై మూడో నాలుగో అంతస్తులు వేసుకోవడమే సామాన్యుల దారి అయింది. ఈ రెంటి నడుమ ఉండవలసిన రకాలు – చిన్న ఫ్లాట్లు, ఒంటిగది ఇళ్లు, పనిచేసే స్త్రీలకు వసతిగృహాలు – కొరతగానే మిగిలాయి. అనుమతి ఇవ్వడం ఒక ఎత్తు, అవసరమైన ఇల్లు నిజంగా లేవడం ఇంకొక ఎత్తు.

అవసరం నియమం కోసం ఆగదు. అనుమతి రెండంతస్తులకు ఉంటే మూడవది లేస్తుంది, దానిపై రేకుల గది వెలుస్తుంది, అందులో నలుగురు విద్యార్థులు చేరుతారు. అపరాధ రుసుముతో అటువంటి కట్టడాలను క్రమబద్ధం చేసే పథకాన్ని ప్రభుత్వం 2007 చివర ఒకసారి, 2015లో మరొకసారి ప్రకటించింది. తప్పును క్షమించే పథకం పదే పదే అవసరమవుతున్నదంటే, తప్పు కట్టినవారిది మాత్రమేనా అని ఆలోచించవలసి ఉంటుంది.

అలాగని ప్రతి నిషేధమూ అనవసరమైనదని కాదు. మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణకై 1996 మార్చిలో 111వ జి.ఓ. వచ్చింది. 84 గ్రామాలలో నిర్మాణాలపై కఠినమైన ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో వాటిని తొలగిస్తూ 69వ జి.ఓ. వెలువడింది. చెరువులోకి నీరు దిగే వాలును ఇళ్లతో కప్పివేస్తే ఆ ఇళ్లకే వరద ముప్పు. ఎక్కడ సడలించాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ సడలించరాదో తెలియడమూ అంతే ముఖ్యం.

2020లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన టి.ఎస్. బీపాస్ చట్టం చిన్న ఇంటివైపు దృష్టి సారించింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకొనేవారు అనుమతి కోసం కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకొంటే చాలని ఆ చట్టం చెప్పింది. అంత చిన్న స్థలాలు ఎక్కువగా కనిపించేది బస్తీల ఇరుకు సందులలోనే. గడప మీద ఇల్లు కట్టే హక్కు రూపాయికి దొరికింది. ఆ సందులోకి అగ్నిమాపక శకటం రాగలిగే దారి మాత్రం ఇంకా దొరకవలసి ఉన్నది.

కఠిన పదాలు – అర్థాలు
అగడ్త : కోట చుట్టూ తవ్విన కందకం
అంతరార్థం : లోపల దాగిన అర్థం
అక్కరకు వచ్చు : అవసరానికి ఉపయోగపడు
శకటం : బండి

అభ్యాసం
1. ఎత్తుకు లభించిన స్వేచ్ఛ చిన్న స్థలాల యజమానులకు ఎందుకు ఉపయోగపడలేదో లెక్కతో వివరించండి.
2. మీ ఊరిలో ఒకే ఇంటిస్థలం కాలక్రమంలో ఎన్ని రూపాలు మార్చుకొన్నదో పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి.