చలికాలంలో పంజరానికి ఎంత వెచ్చదనం?

ప్రశ్న: మాది ఆదిలాబాద్. మా బాబు ముచ్చటపడితే రెండు లవ్ బర్డ్స్ తెచ్చాం. పంజరం వరండాలో ఉంటుంది. చలి మొదలయ్యాక తెల్లవారుజామున రెండూ ఈకలు ఉబ్బించుకుని, ఒంటికాలి మీద ముడుచుకుని కూర్చుంటున్నాయి. పంజరంలో బల్బు పెట్టమని పక్కింటివాళ్లు, రాత్రిపూట దగ్గర్లో కుంపటి పెడదామని మా అత్తగారు అంటున్నారు. ఏది మంచిది డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దమ్మా. ముఖ్యంగా కుంపటి జోలికి అసలు పోకండి.

మన దగ్గర లవ్ బర్డ్స్ పేరుతో అమ్మేవి ఎక్కువగా బడ్జీలే. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా మెట్ట నేలలు. అక్కడి రాత్రులూ చల్లగానే ఉంటాయి కాబట్టి మామూలు చలిని ఇవి తట్టుకుంటాయి. ఒంటి వేడి మాత్రం 41 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవాలి. అందుకే ఈకలు ఉబ్బించి వాటి మధ్య గాలిని నిలుపుకుంటాయి, ఈకలు లేని కాలిని ఒకదాన్ని పొట్టలోకి లాక్కుంటాయి. తెల్లవారుజామున మీరు చూస్తున్నది ఇదే. కంగారు అక్కర్లేదు.

ఎండ వచ్చాక కూడా అలాగే ఉంటే మాత్రం ఊరుకోకండి. పది గంటలకు కూడా ఉబ్బిపోయి, రెండు కాళ్ల మీదా కూలబడినట్టు కూర్చుని, కళ్లు అరమోడ్చి, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే అది చలి కాదు, జబ్బు.

ఆరోగ్యంగా ఉన్న పిట్టను దెబ్బతీసేది చలికన్నా ఈదురుగాలి. ఈ రాత్రికే పంజరాన్ని లోపలి గదిలోకి మార్చండి. కిటికీకీ తలుపుకీ దూరంగా, గోడవారగా, నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి. పైనా, మూడు వైపులా మందపాటి నూలు దుప్పటి కప్పి, ఎదుటి వైపు గాలికి వదిలేయండి. పోగులు లేచిన తువ్వాలు కప్పితే గోళ్లు చిక్కుకుంటాయి. పిట్టలు కూర్చునే ఎత్తులో చిన్న థర్మామీటరు వేలాడదీయండి. రాత్రి 18 డిగ్రీలుంటే బాగా సరిపోతుంది.

ఇక బల్బు. పంజరం లోపల పెడితే కాళ్లు కాలతాయి, వైరు కొరుకుతాయి. వెలుతురుకి నిద్రా ఉండదు. బడ్జీలకు రోజూ పది పన్నెండు గంటల చీకటి కావాలి. మరీ చలిగా ఉంటే వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ బల్బు దొరుకుతుంది. దాన్ని పంజరం బయట, దుప్పటికి తగలకుండా, ఒక పక్కనే పెట్టండి. పిట్టకు వెచ్చగా కావాలంటే ఇటు వస్తుంది, చాలనుకుంటే అటు జరుగుతుంది. ఆ వీలు తప్పకుండా ఉండాలి. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుందంటే వేడి ఎక్కువైనట్టే. పక్షులకు చెమట పట్టదు.

మీ అత్తగారు వాటి మీద ప్రేమతోనే కుంపటి మాట అన్నారు. కానీ మూసిన గదిలో బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనుషుల్నే చంపుతుంది. పిట్టల ఊపిరితిత్తులకు తోడుగా ఒంట్లో గాలి సంచులుంటాయి. ఆక్సిజన్‌ను ఎంత బాగా పీల్చుకుంటాయో విషాన్నీ అంత త్వరగా పీల్చుకుంటాయి. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టల్ని వాడింది అందుకే. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా ఆ గదిలో వద్దు. వెచ్చగా ఉంటుందని వంటింట్లో అసలే పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే ఆవిరికి పిట్టలు నిమిషాల్లో చనిపోవచ్చు.

ముప్పై నలభై గ్రాముల ఒంట్లో వేడి నిలవాలంటే తిండి సరిగా పడాలి. చీకటి పడేముందు కొర్రలు, సజ్జలు నిండుగా వేయండి. స్నానానికి నీళ్లు ఎండెక్కాకే పెట్టండి. మీ జంటలో ఆడపిట్ట ఉంటే చలి తగ్గేదాకా గూటి పెట్టె తీసేయడం మంచిది. చలికి, కాల్షియం లోపానికి గుడ్డు అడ్డుపడే ప్రమాదం ఉంది. అలా జరిగితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

పిట్ట తిండి మానేసినా, పైన చెప్పినట్టు తోక ఊగుతున్నా ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బండి మీదైతే గాలి తగలకుండా, ఊపిరాడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. పక్కన గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టండి. పంజరం అడుగున పరిచిన కాగితాన్ని పారేయకుండా వెంట తీసుకెళ్లండి. రెట్ట రంగు, పలచన చూస్తే డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది.