డబ్బిచ్చేవాడి పన్ను కూడా చూడాలి, అల్లుడూ

పెదకాకాని

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి వ్రాయునది.

అల్లుడు హైదరాబాదు ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కూర్చుని అమెరికా కంపెనీకి కాంట్రాక్టు మీద పని చేస్తానంటున్నాడని అక్కయ్య ఫోన్లో చెప్పింది. ఏడాదికి 24 లక్షలు ఇస్తారట, దాని మీద రూపాయి పన్ను ఉండదని ఎవరో స్నేహితుడు లెక్క వేసి చూపించాడట. అక్కయ్యకు ఆ చివరి మాట మీదే అనుమానం. మావయ్యకు మాత్రం ఆ మాట మీద అనుమానం లేదు. అది నిజమే. అనుమానమల్లా దాన్ని నమ్ముకుని ఉద్యోగం వదిలేయడం మీద.

ముందు ఆ లెక్క ఎలా వచ్చిందో చూద్దాం. 2016 బడ్జెట్‌తో ఆదాయపు పన్ను చట్టంలోకి 44ఏడీఏ అనే సెక్షన్ వచ్చింది. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లతో పాటు ఐటీ వృత్తిలో ఉన్నవాళ్లు కూడా ఖర్చుల పద్దు రాయకుండానే, వచ్చిన ఫీజులో సగాన్ని లాభంగా చూపించి పన్ను కట్టుకోవచ్చు. మొదట్లో ఈ వెసులుబాటు ఏడాదికి 50 లక్షల రాబడి వరకే. నగదుగా పుచ్చుకున్నది 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా వాడుకోవచ్చని 2023-24 నుంచి పెంచారు. ఆపైన 2025 బడ్జెట్ వచ్చి, కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఇచ్చి పన్నును సున్నా చేసింది. రెండూ కలిస్తే 24 లక్షల్లో సగం 12 లక్షలు, పన్ను సున్నా. స్నేహితుడి లెక్కలో తప్పేం లేదు.

కానీ ఆ లెక్క అక్కడితో ఆగదు. చట్టం సగం అని చెప్పి ఊరుకోలేదు, అంతకంటే ఎక్కువ సంపాదించానని చెప్పుకుంటే ఆ ఎక్కువనే లాభంగా చూస్తానంది. రేపు గుంటూరులో ఫ్లాటు కొందామని బ్యాంకుకు వెళ్తే మేనేజరు చూసేది రిటర్నులో ఉన్న 12 లక్షల్ని. పన్ను దగ్గర పేదవాడిగా, లోను దగ్గర ధనవంతుడిగా కనిపించడం కుదిరే పని కాదు. పైగా ఉద్యోగికి స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు ఉంది కాబట్టి 12 లక్షల 75 వేల జీతం మీద కూడా పన్ను సున్నాయే. అతనికి పీఎఫ్, గ్రాట్యుటీ కూడా ఉంటాయి. కాంట్రాక్టరుకు అవేవీ ఉండవు.

ఇక జీఎస్టీ. ఆదాయపు పన్ను సున్నా అయినా రాబడి 20 లక్షలు దాటితే సేవలు అందించేవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. విదేశాలకు చేసిన పనినీ ఈ 20 లక్షల్లో కలుపుతారు. ఎగుమతి సేవ కాబట్టి పన్ను రేటు సున్నా, కానీ ఆ సున్నా దానంతటది రాదు. ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం ఆన్‌లైన్లో దాఖలు చేయాలి, నెలకో మూడు నెలలకో రిటర్నులు వేయాలి, డాలర్లు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాలు దాచుకోవాలి. 2017 జూలై 1న జీఎస్టీ మొదలైనప్పుడు ఇంకా చిత్రంగా ఉండేది. రాష్ట్రం దాటి సేవ చేస్తే రాబడి ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదన్నారు. గుంటూరులో కూర్చుని బెంగళూరు కంపెనీకి పది వేల రూపాయల వెబ్‌సైటు చేసిపెట్టిన కుర్రాడికీ అదే నియమం. గోల పెరిగాక అదే ఏడాది అక్టోబరు 13న నోటిఫికేషన్ ఇచ్చి 20 లక్షల లోపు వాళ్లను వదిలేశారు. ఆ మూడున్నర నెలల్లో భయపడి నంబరు తీసుకున్నవాళ్లు మాత్రం, దాన్ని రద్దు చేయించుకునే దాకా రిటర్నులు వేయాల్సి వచ్చింది.

దేశంలోని క్లయింటుకు పని చేసేటప్పుడు కాంట్రాక్టులో ఒక్క మాట చూసుకుంటే చాలు. జీఎస్టీ ఫీజులో కలిసి ఉందా, అదనమా? కలిసి ఉందని రాస్తే లక్ష రూపాయల బిల్లులో 15,254 రూపాయలు ప్రభుత్వానికి పోతాయి. ఆ క్లయింటు 10 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటాడు. ఏడాది చివర్లో పన్ను సున్నా అని తేలినా, పట్టుకున్న సొమ్ము రిటర్ను వేసి రీఫండు వచ్చేదాకా చేతికి రాదు.

మన ఊళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, హైదరాబాదులో పుట్టి పెరిగిన ఆడిటర్లకు అంతగా తట్టనిది. అదే పొలం. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వేయదు, నిజమే. అయితే ఆ ఆదాయం 5,000 దాటితే మిగతా ఆదాయం మీద రేటు లెక్కకట్టడానికి దాన్ని కలుపుకుంటుంది. ఒక ప్రోగ్రామరు 28 లక్షల ఫీజు తెచ్చుకుని, అందులో సగం 14 లక్షలు ఆదాయంగా చూపించాడనుకుందాం. కొత్త విధానంలో పన్ను 90 వేలు, ఆపైన సెస్సు. అతని పేరున మిర్చి చేలో 5 లక్షల నికర ఆదాయం కూడా ఉంటే ముందు 19 లక్షల మీద పన్ను లెక్కవేస్తారు, లక్షా 80 వేలు. అందులోంచి 9 లక్షల మీది పన్ను 30 వేలు తీసేస్తారు. తేలేది లక్షా 50 వేలు. మిర్చి మీద పన్ను లేదంటూనే 60 వేలు అదనంగా పడ్డాయి! అతను సులభమైన ఐటీఆర్-4 ఫారం కూడా వాడలేడు, ఐటీఆర్-3 వేయాలి. పొలం తండ్రి పేరున ఉండి తండ్రే సాగు చేయిస్తుంటే ఆ ఆదాయం తండ్రిది, కొడుకు రిటర్నులోకి రాదు. ఇది తెలిసిన కొందరు డాలర్లను కూడా మిర్చి ఖాతాలో రాసేద్దామని చూస్తారు. విదేశాల నుంచి వచ్చిన ప్రతి డాలరుకూ బ్యాంకులో జాడ ఉంటుంది కనుక అది తెలివైన పని కాదు.

సెక్షన్ నంబర్లు కూడా ఇప్పుడు మారాయి. 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 44ఏడీఏ అక్కడ 58వ సెక్షన్లో కలిసింది. టీడీఎస్ నియమాలు 393లో చేరాయి. అసెస్‌మెంట్ ఇయర్ పోయి టాక్స్ ఇయర్ వచ్చింది. పాత నంబర్లు బట్టీ పట్టిన ఆడిటర్ గార్లంతా మళ్లీ పదో తరగతిలో కూర్చున్నట్టే.

ఇదంతా అల్లుడి పన్ను. అసలు మావయ్య చెప్పదలచుకున్నది అల్లుడికి డబ్బిచ్చేవాడి పన్ను గురించి.

అమెరికాలో 2017లో చేసిన పన్ను చట్టంలో ఒక మెలిక పెట్టారు, అది 2022 నుంచి అమల్లోకొచ్చింది. సాఫ్ట్‌వేర్ తయారీకి పెట్టిన ఖర్చును కంపెనీలు అదే ఏడాది పూర్తిగా ఖర్చుగా చూపించకూడదు. పని అమెరికాలో జరిగితే 5 ఏళ్లకు, బయటి దేశంలో జరిగితే 15 ఏళ్లకు విడగొట్టాలి. గుంటూరు ప్రోగ్రామరుకు 90 వేల డాలర్లిచ్చిన కంపెనీ, మొదటి ఏడాది సగం లెక్కే కాబట్టి, ఆ ఏడాది తన ఖర్చుగా చూపించగలిగేది 3 వేల డాలర్లు. మిగతా 87 వేలు జేబులోంచి వెళ్లిపోయినా పన్ను లెక్కలో లాభంగానే ఉండిపోతాయి. లాభాలు అంతంతమాత్రంగా ఉన్న చిన్న కంపెనీకి ఇది నిజంగా దెబ్బ. 2025 జూలై 4న సంతకమైన చట్టం స్వదేశంలో జరిగే పనికి పాత సౌకర్యం తిరిగిచ్చింది. బయటి దేశాల పనికి మాత్రం 15 ఏళ్ల నియమాన్ని అలాగే ఉంచింది. అంటే ఆ కంపెనీ యజమాని దృష్టిలో డల్లాస్ ప్రోగ్రామరుకూ పెదకాకాని ప్రోగ్రామరుకూ తేడా జీతంలో ఒక్కటే కాదు, పన్నులోనూ ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో సెనేటర్ బెర్నీ మొరెనో, విదేశీయులకు ఇచ్చే ఔట్‌సోర్సింగ్ చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలంటూ ఒక బిల్లు కూడా పెట్టాడు. అది చట్టమవుతుందా అన్నది వేరే మాట. గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది కదా.

పని ఇచ్చేవాడి మీద పన్ను భారం పడితే ఏమవుతుందో బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు. అక్కడ ఐఆర్35 అనే నియమం 2000 ఏప్రిల్ నుంచి ఉంది. సొంత కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టరుగా చేరినా, చేసేది నిజానికి ఉద్యోగంలాంటిదే అయితే ఉద్యోగిలాగే పన్ను కట్టాలి. చాలా ఏళ్లు ఆ నిర్ణయం కాంట్రాక్టరుదే. 2017లో ప్రభుత్వ సంస్థల్లో, 2021 ఏప్రిల్ నుంచి పెద్ద, మధ్యతరహా ప్రైవేటు సంస్థల్లో ఆ భారం పని ఇచ్చేవాడి మీద పెట్టారు. ఇంకేముంది, తమ మీదికి వస్తుందని బార్‌క్లేస్, హెచ్‌ఎస్‌బీసీ, లాయిడ్స్ వంటి బ్యాంకులు 2019లోనే అలాంటి కాంట్రాక్టర్లు తమకొద్దని తేల్చాయి. కాంట్రాక్టర్ల పన్ను రేటు మారలేదు, పని ఇచ్చేవాడి భయం మారింది, అంతే. 2022 సెప్టెంబరు 23న ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఆ మార్పులన్నీ ఎత్తేస్తున్నామన్నాడు. అక్టోబరు 17న ఆయన తర్వాత వచ్చిన జెరెమీ హంట్ ఎత్తేయడం లేదన్నాడు. ఆ మధ్యలో సొంత కంపెనీ రిజిస్టరు చేసుకున్నవాళ్ల గతి ఏమయిందో ఊహించుకోవచ్చు.

ఇలాంటి దెబ్బ తగిలితే ఆదుకునేదెవరు? మిర్చికైతే 2025 ఫిబ్రవరిలో ధర పడినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం ప్రకటించింది. రేటు పడిన ఐటీ కాంట్రాక్టును ఆదుకునే పథకం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

అందుకని ఆ కంపెనీవాళ్లను కొన్ని సంగతులు సూటిగా అడగాలి. మన డబ్బును వాళ్లు ఏ పద్దులో రాస్తున్నారు, కొత్త సాఫ్ట్‌వేర్ తయారీ కిందా, ఉన్నదాన్ని నడిపించే మెయింటెనెన్స్ కిందా? కొత్త హంగులు చేర్చని మెయింటెనెన్స్ తయారీ కిందికి రాదని అమెరికా పన్ను శాఖ 2023లో వివరణ ఇచ్చింది. కాబట్టి ఇన్‌వాయిస్‌లో చేసిన పని ఏదో విడివిడిగా, ఉన్నదున్నట్టు రాయడం ఇద్దరికీ మేలు. అమెరికా పన్ను లెక్కలో విదేశీయుడినేనని డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి ఇవ్వాలి. కాంట్రాక్టు ఆపాలంటే కనీసం రెండు నెలల నోటీసు ఇవ్వాలని రాయించుకోవాలి. దీనికి ఒప్పుకోని కంపెనీ అయితే 24 లక్షలు కాదు, 30 ఇచ్చినా మావయ్య ఉద్యోగం మానమని చెప్పడు.

రాజీనామా ఇవ్వకముందే కాంట్రాక్టు నకలు మావయ్యకు పంపించు. గుంటూరులో ఆడిటర్ గారికి చూపిస్తాను. రాబడి 24 లక్షలు దాటేట్టు కనిపిస్తే మాత్రం అడ్వాన్స్ టాక్స్ మార్చి 15 లోపు కట్టాలి, ఆ తేదీ దాటితే వడ్డీ పడుతుంది.

ఇట్లు
ఆశీస్సులతో, మీ మావయ్య